నాడె ఆకారంలో మౌస్ కర్సర్: విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ పనిచేసేలా ఎలా చేయాలి?

ఒడిశాలోని మా బరంపురం పట్టుచీరని అంచు చూసి గుర్తుపడతారు. గుడి గోపురాల్లా వరసగా లేచే కుంభాలు దాని గుర్తు. ఆ కుంభాన్ని మగ్గం ఎక్కించే ముందు గ్రాఫు మీద గడి గడిగా నింపాలి. ఒక్క గడి తప్పితే ఆ తప్పు అంచు పొడుగునా ప్రతి కుంభంలోనూ వస్తుంది. మా పెదనాన్న చేసే పని ఇదే. కాగితం బదులు కంప్యూటర్ మీద నింపుకోవచ్చని ఆయన కోసం ఒక చిన్న సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. మొదటి రోజే ఆయన కళ్ళజోడు సరిచేసుకుని, తెరకి దగ్గరగా వంగి అన్నారు: "ఏటిరా ఈ బాణం? గడి మీద కూర్చుండిపోతోంది. కింద ఏ రంగుందో కనపడితే కదా నేను నొక్కేది!"

ఆయన అన్నది నిజం. మామూలు బాణం బటన్లు నొక్కడానికి బాగుంటుంది. చిన్న చిన్న గడుల మీద పనిచేసేటప్పుడు అదే అడ్డమవుతుంది. ఆ అడ్డం తీసేయడానికి నేను చేసిన పని ఇక్కడ వరసగా చెబుతున్నాను. మీది చీరల డిజైన్ కాకపోవచ్చు, పొలాల మ్యాపు కావచ్చు, ఎక్స్‌రే చూసే సాఫ్ట్‌వేర్ కావచ్చు. పద్ధతి మారదు. ప్రోగ్రాంలో వాడే పేర్లని పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, కోడ్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషులోనే కొట్టాలి.

ముందు, సొంత కర్సర్ అవసరమా?

బాణం, చెయ్యి, కూడిక గుర్తులాంటి క్రాస్, అక్షరాల మధ్య నిలబడే గీత, ఆగమని చెప్పే గుండ్రం. ఇవి ప్రతి సిస్టమ్‌లోనూ రెడీగా ఉంటాయి. జనానికి అలవాటైనవి, వాటి సైజు సంగతి కూడా సిస్టమే చూసుకుంటుంది. మెనూల మీద, బటన్ల మీద వాటినే ఉంచండి. సొంత కర్సర్ కావాల్సింది పని జరిగే చోట, అంటే నా విషయంలో గ్రాఫు మీద మాత్రమే. సాఫ్ట్‌వేర్ అంతటా సొంత బొమ్మ తిప్పితే చూసేవాళ్ళ కంటికి శ్రమ తప్ప లాభం లేదు.

బొమ్మ గీయడం

కర్సర్ గీయడమూ గ్రాఫు నింపడమే. 32 గడుల వెడల్పు, 32 గడుల ఎత్తు తీసుకోండి. కర్సర్ బొమ్మలో గడి అంటే ఒక పిక్సెల్, అంటే తెర మీది ఒక చుక్క. ఇంకా పెద్దవి కొన్ని సిస్టమ్‌లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. 32 అయితే ఎక్కడా పేచీ రాదు. గింప్‌లో (బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్) 32 బై 32 కొత్త ఫైలు తెరవండి. వెనక తెల్ల రంగు వద్దు, పారదర్శకంగా ఉండాలి. జూమ్ బాగా పెంచి, గ్రిడ్ ఆన్ చేసి, బ్రష్ కాకుండా పెన్సిల్ టూల్‌తో గీయండి. బ్రష్ అంచులు మసకగా వస్తాయి. ఇంత చిన్న బొమ్మలో మసక అంచు మురికిలా కనిపిస్తుంది.

నేను మొదట అందంగా ఒక నాడె గీశాను. మగ్గం మీద అడ్డ నూలుని అటూ ఇటూ తీసుకెళ్ళేది నాడె, దాని లోపల నూలు చుట్టి ఉండేది కండె. ఏటవాలుగా, రెండు కొనలూ సన్నగా, నడుమ కండె కనపడేలా. బొమ్మ బాగుంది, పని మాత్రం జరగలేదు. నాడెకి కొనలు రెండు, అందులో నొక్కేది ఏదో పెదనాన్నకి తెలియలేదు. పైగా అదీ గడిని కప్పేస్తోంది. రెండోసారి ఆలోచన మార్చాను. ఎడమ పై మూలన ఒక ఖాళీ చతురస్రం, దాని కింద కుడివైపుకి వాలుతూ నాడె. చతురస్రం లోపల ఏమీ ఉండదు, కింద ఉన్న గడి రంగు అందులోంచి కనిపిస్తుంది. నాడె కేవలం చేతి పిడిలాంటిది.

కొలతలు చెబుతాను, ఇవి ముఖ్యం. గడుల లెక్క 0 నుంచి మొదలవుతుంది, 1 నుంచి కాదు. ఎడమ పై మూల 0, 0. కుడి కింది మూల 31, 31. నల్ల చతురస్రం 2 నుంచి 12 దాకా, అంటే భుజానికి 11 గడులు. దాని బయట 1 నుంచి 13 దాకా ఒక తెల్ల గీత, లోపల 3 నుంచి 11 దాకా ఇంకో తెల్ల గీత. మధ్యలో 7 గడుల ఖాళీ మిగులుతుంది. భుజాలకి బేసి సంఖ్య కావాలనే తీసుకున్నాను. 11కి సరిగ్గా నడుమ గడి ఉంది, అది 7. భుజం 10 అయితే నడుమ అనేది రెండు గడుల మధ్య గీత మీద పడుతుంది, దాన్ని గుర్తుగా పెట్టలేం.

నల్ల గీతకి రెండువైపులా తెలుపు ఎందుకంటే, పట్టుచీరలో ముదురు మెరూన్ ఉంటుంది, పక్కనే లేత పసుపు ఉంటుంది. ఒక్క నలుపే అయితే మెరూన్ మీద మాయమైపోతుంది, ఒక్క తెలుపే అయితే పసుపు మీద కనపడదు. రెండూ ఉంటే ఏ రంగు మీదైనా ఏదో ఒకటి కంటికి ఆనుతుంది. ఈ ఒక్క జాగ్రత్త మాత్రం వదలకండి. అయ్యాక పీఎన్‌జీ ఫైలుగా దాచండి, పారదర్శకత అందులో నిలుస్తుంది.

హాట్‌స్పాట్: ప్రాణం ఇక్కడే ఉంది

కర్సర్ బొమ్మ 32 గడులున్నా, నొక్కినప్పుడు సిస్టమ్ లెక్కలోకి తీసుకునేది ఒకే ఒక్క గడిని. దాని పేరే హాట్‌స్పాట్. మామూలు బాణానికి అది కొన దగ్గర ఉంటుంది. మన బొమ్మకి 7, 7. గింప్‌లో ఆ గడి మీద మౌస్ పెడితే కింద స్టేటస్ బార్‌లో ఎడమ పక్కన అంకెలు కనిపిస్తాయి. కాగితం మీద రాసుకోండి.

నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకుండా ఉంటారు. నేను వాడింది క్యూటీ, విండోలూ బటన్లూ తయారుచేసుకునే టూల్‌కిట్. అందులో క్యూకర్సర్‌కి బొమ్మ మాత్రమే ఇచ్చి హాట్‌స్పాట్ అంకెలు ఇవ్వకపోతే, అది ఎర్రర్ చూపించదు. బొమ్మ నడిమధ్యని, అంటే 16, 16ని, తనే హాట్‌స్పాట్‌గా తీసుకుంటుంది. చతురస్రం ఒక గడి మీద ఉంటే, రంగు కిందా కుడిపక్కా ఇంకెక్కడో పడేది. లెక్కలో తప్పుందనుకుని గ్రాఫు కోడ్ అంతా ఒక పూట వెతికాను. తప్పు అక్కడ లేనే లేదు.

క్యూటీలో పెట్టడం

పైథాన్‌తో రాసేవాళ్ళకి పైసైడ్ ద్వారా క్యూటీ దొరుకుతుంది. సీ ప్లస్ ప్లస్ వాళ్ళకి కూడా పేర్లు అవే. ముందు అప్లికేషన్ ఆబ్జెక్టు తయారవ్వాలి, ఆ తర్వాతే క్యూపిక్స్‌మ్యాప్‌లో బొమ్మ ఎక్కించాలి. వరస తిరగబడితే ప్రోగ్రాం మొదట్లోనే పడిపోతుంది. ఫైలు పైన గ్లోబల్‌గా బొమ్మ ఎక్కించే అలవాటున్నవాళ్ళకి ఇదే ఎదురవుతుంది.

బొమ్మ ఎక్కిందో లేదో ఈజ్‌నల్ అని అడగండి. ఎక్కకపోతే రెడీగా ఉండే క్రాస్ కర్సర్ ఇచ్చేయండి. బొమ్మ దొరకలేదని పని ఆగకూడదు. ఎక్కితే, క్యూకర్సర్‌కి మూడూ ఇవ్వండి: బొమ్మ, 7, 7. వచ్చినదాన్ని గ్రాఫు విడ్జెట్ (విండోలో గ్రాఫు ఉండే భాగం) మీద సెట్‌కర్సర్ చేయండి. విండో మీద చేస్తే లోపలి పిల్ల విడ్జెట్లకి కూడా అదే వస్తుంది, కాబట్టి గ్రాఫు మీద మాత్రమే చేయండి. తీసేయాలంటే అన్‌సెట్‌కర్సర్.

మ్యాక్ రెటీనా తెరల్లాంటి, పిక్సెళ్ళు దట్టంగా ఉండే వాటి మీద 32 గడుల బొమ్మ ముద్దగా కనిపిస్తుంది. దానికి అదే డిజైన్ 64 బై 64లో ఇంకోటి గీసుకుని, ఎక్కించాక సెట్ డివైస్ పిక్సెల్ రేషియో 2 అని చెప్పండి. ఇక్కడ చాలామంది తడబడతారు: బొమ్మ రెట్టింపైంది కదా అని హాట్‌స్పాట్‌ని 14, 14 చేస్తారు. వద్దు. క్యూటీ దాన్ని 32 లెక్కలోనే చూస్తుంది, 7, 7 అలాగే ఉంచండి. ఏ తెరకి ఏ బొమ్మో, ఆ తెర డివైస్ పిక్సెల్ రేషియోని అడిగి ఎంచుకోండి.

కండెలో రంగు

ఇది నాకు బాగా నచ్చిన భాగం. మగ్గం మీద నేతగాడు నాడె చూడగానే లోపల కండెకి ఏ రంగు నూలుందో తెలిసిపోతుంది. తెర మీద మాత్రం, ఎంచుకున్న రంగు ఏదో చూడటానికి పెదనాన్న ప్రతిసారీ పక్కనున్న రంగుల డబ్బా దాకా కళ్ళు తిప్పాల్సి వచ్చేది. అందుకని నాడె బొమ్మ నడుమ కండె చోటు ఖాళీగా వదిలి, ఎంచుకున్న రంగుని ప్రోగ్రాంతోనే నింపాను.

అసలు బొమ్మకి ఒక కాపీ తీసుకోండి. దాని మీద క్యూపెయింటర్ మొదలుపెట్టి, 19 నుంచి 25 గడుల మధ్య ఒక చిన్న గుండ్రం ఆ రంగుతో గీయండి. పెయింటర్‌ని ఎండ్ అని ముగించాకే ఆ కాపీతో క్యూకర్సర్ తయారు చేయండి. ఇదంతా రంగు మార్చినప్పుడు ఒక్కసారే జరగాలి, మౌస్ కదిలిన ప్రతిసారీ కాదు. ఒకసారి తయారైన కర్సర్‌ని రంగు పేరుతో డిక్షనరీలో దాచుకుంటే మళ్ళీ గీయక్కర్లేదు.

మా ఊళ్ళో దీనికి ఇంకో లాభం ఉంది. డిజైన్ చూడటానికి వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉంటారు, ఒడియావాళ్ళూ ఉంటారు. మెనూ ఏ లిపిలో పెట్టినా ఒకరికి ఇబ్బందే. నాడెలో ఎర్ర కండె చూస్తే మాత్రం ఇద్దరికీ ఒకటే అర్థం.

ఆగమని చెప్పే కర్సర్ ఇరుక్కుపోతే

పెద్ద ఫైలు దాచేటప్పుడు సెట్ ఓవర్‌రైడ్ కర్సర్‌తో గుండ్రం తిప్పుతాం. ఇది ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. ఎన్నిసార్లు పెడితే అన్నిసార్లు రిస్టోర్ ఓవర్‌రైడ్ కర్సర్ అనాలి. నడుమ ఎర్రర్ వచ్చి రిస్టోర్ దాకా వెళ్ళకపోతే, పని ఎప్పుడో అయిపోయినా గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ఒకరోజు పెదనాన్న దాన్ని చూసి టెన్షన్ పడి కంప్యూటర్ స్విచ్ తీసేశారు, అప్పటిదాకా నింపిన కుంభం పోయింది. అప్పట్నుంచి రిస్టోర్‌ని ఫైనల్లీ భాగంలోనే రాస్తున్నాను. ఎర్రర్ వచ్చినా, రాకపోయినా అది నడుస్తుంది.

క్యూటీ కాకుండా వేరేవి వాడేవాళ్ళకి

జావా స్వింగ్‌లో టూల్‌కిట్‌కి క్రియేట్ కస్టమ్ కర్సర్ అని ఉంది. బొమ్మ, హాట్‌స్పాట్, ఒక పేరు ఇవ్వాలి. హాట్‌స్పాట్ బొమ్మ దాటి ఉంటే ఎక్సెప్షన్ వస్తుంది. ముందుగా గెట్ బెస్ట్ కర్సర్ సైజ్ అడగండి. 0, 0 వస్తే ఆ సిస్టమ్‌లో సొంత కర్సర్ కుదరదని అర్థం, రెడీ కర్సర్ వాడండి. లినక్స్‌లో జావా కర్సర్‌కి రెండే రంగులు దొరుకుతాయి, మన బొమ్మలో నలుపు, తెలుపులకే అవి సరిపోతాయి, కాబట్టి కండెలో రంగు అక్కడ కుదరదు. ఎంచుకున్న రంగుని గ్రాఫు పక్కనే ఒక గడిలో చూపించండి.

వెబ్ పేజీలా డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాసే ఎలక్ట్రాన్ అయితే అంతా సీఎస్ఎస్‌లోనే. కర్సర్ అనే చోట బొమ్మ యూఆర్ఎల్, తర్వాత 7 7, తర్వాత కామా పెట్టి క్రాస్‌హెయిర్ అని రాయాలి. చివరి మాట కేవలం జాగ్రత్త కోసం కాదు, తప్పనిసరి. అది లేకపోతే మొత్తం లైనే చెల్లదు, పాత బాణమే కనిపిస్తుంది.

పైథాన్‌తోనే వచ్చే టీకేఇంటర్ వాడేవాళ్ళు రెడీ కర్సర్లతో సరిపెట్టుకోవడం మేలు. అందులో విండోస్‌కి ఒక రకం ఫైలు, లినక్స్‌కి ఇంకో రకం ఫైలు ఇవ్వాలి, ఆ శ్రమకి తగ్గ ఫలితం రాదు.

చివరిగా, వేరే కంప్యూటర్ మీద చూడండి

మన కంప్యూటర్‌లో బాగానే ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసి ఇచ్చాక బొమ్మే రాదు. కారణం సాధారణంగా దారి. ఫోల్డర్ పేరుతో బొమ్మని పిలిస్తే, వేరే చోట ఆ ఫోల్డర్ ఉండదు. క్యూటీ రిసోర్స్ ఫైలులో బొమ్మని చేర్చేస్తే అది ప్రోగ్రాంలోనే కలిసిపోతుంది. ఇంకోటి, ఫైలు పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాని విండోస్ పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. అన్నీ చిన్న అక్షరాలే పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

పరీక్షకి స్క్రీన్‌షాట్‌ని నమ్మకండి, చాలా టూల్స్ అందులో కర్సర్‌ని వదిలేస్తాయి. ఫోన్‌తో తెరని ఫొటో తీయండి. గ్రాఫులో నాలుగు మూలల గడులూ ఒక్కొక్కటి నొక్కి, చతురస్రం ఉన్న గడిలోనే రంగు పడిందో లేదో చూడండి. తర్వాత తెర స్కేలింగ్ 125, 150 శాతం చేసి మళ్ళీ చూడండి.

చూపు తగ్గినవాళ్ళు విండోస్ సెట్టింగ్స్‌లో పాయింటర్‌ని పెద్దది చేసుకుంటారు. మనం సొంతంగా ఇచ్చిన బొమ్మకి అది వర్తిస్తుందని నమ్ముకోకండి. వ్యూ మెనూలో "మామూలు కర్సర్" అని ఒక టిక్కు పెట్టండి, అది నొక్కగానే అన్‌సెట్‌కర్సర్ జరగాలి. మా పెదనాన్నకి దాని అవసరం రాలేదు. ఆయన పక్కన కూర్చునే మావయ్య మాత్రం రోజూ పని మొదలుపెట్టే ముందు ఆ టిక్కే పెట్టుకుంటారు.