ఎల్ బోర్డు కారు పక్కన సైకిల్ ఎలా తొక్కాలి

బెంగళూరులో ట్రాఫిక్ పలచగా ఉండే ఉదయం వేళ హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్, బీటీఎం లేఔట్ వంటి చోట్ల సైకిలు మీద బయలుదేరేవారికి డ్రైవింగ్ స్కూలు కార్లు తప్పకుండా ఎదురవుతాయి. వెడల్పైన మెయిన్ రోడ్లు, వాటిని కోసుకుంటూ పోయే క్రాస్ రోడ్లు, అడుగడుగునా హంపులు ఉన్న ఈ లేఔట్లు కారు నేర్పడానికి అనువుగా ఉంటాయి. మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు ఉండే మన తెలుగువాళ్లలో ఆఫీసుకు సైకిలు మీద వెళ్లేవారు కూడా ఈ కార్ల మధ్య నుంచే వెళ్తారు. ఆ కారు లోపల ఎవరి చేతిలో ఏముందో, ఎవరికి ఏది కనిపిస్తుందో తెలిస్తే, బయట మనం ఎక్కడ ఉండాలో చాలావరకు తేలిపోతుంది.

మన దేశంలో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది, సైకిలు రోడ్డుకు ఎడమ పక్కన వెళ్తుంది. అందువల్ల కారు మిమ్మల్ని దాటేటప్పుడు మీకు దగ్గరగా కూర్చుని ఉండేది శిక్షకుడే. నేర్చుకునే మనిషి అవతలి పక్క ఉంటాడు. కొత్తగా కారు నేర్చుకునేవారికి అన్నిటికన్నా ఆలస్యంగా పట్టుబడేది ఈ ఎడమ వైపు అంచనాయే. కారు ఎడమ అంచు ఎక్కడ ముగుస్తుందో వారికి ఇంకా తెలియదు కాబట్టి, బోలెడంత చోటు ఇచ్చామనుకుంటూనే మీ హ్యాండిల్‌కు జానెడు దూరంలోకి వచ్చేస్తారు. శిక్షకుడికి మీరు స్పష్టంగా కనిపిస్తారు, అయితే ఆయన కాళ్ల దగ్గర సాధారణంగా ఉండేవి బ్రేకు, క్లచ్ మాత్రమే. స్కూలు కార్లకు ఈ రెండో నియంత్రణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. స్టీరింగ్ తిప్పాలంటే మాత్రం ఆయన చెయ్యి చాచి అందుకోవాలి. కాబట్టి శిక్షకుడికి కంగారు పుట్టినప్పుడు ఆ కారు పక్కకు తప్పుకోవడం కన్నా ఉన్నచోటే చటుక్కున ఆగిపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. దాని వెనుక వెళ్లేవారు ఈ సంగతిని గుర్తుపెట్టుకుని దూరం పాటించాలి.

అన్ని ఎల్ బోర్డులూ ఒకటి కాదు. స్కూలు కారు మీద స్కూలు పేరు, చిరునామా, ఫోను నంబరు పెద్ద అక్షరాలతో ఉంటాయి. ముందూ వెనుకా తెల్లని నేల మీద ఎర్రని ఎల్ అక్షరం, కనీసం 18 సెంటీమీటర్ల చదరంలో, 10 సెంటీమీటర్లకు తగ్గని ఎత్తుతో ఉండాలి. ఆదివారాలు అపార్ట్‌మెంట్ల చుట్టుపక్కల తండ్రి కూతురికో, అన్న తమ్ముడికో నేర్పే సొంత కారుకు ఎల్ స్టిక్కరు ఉన్నా రెండో బ్రేకు ఉండదు. పక్కన కూర్చున్న మనిషికి మిగిలేది సీట్ల మధ్యనున్న హ్యాండ్‌బ్రేకే. నా మట్టుకు నేను స్కూలు కారుకు ఇచ్చే దూరానికి రెట్టింపు ఇలాంటి కారుకు ఇవ్వాలంటాను.

వెనుక వెళ్తున్నప్పుడు హంపు దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. నేర్చుకునేవారు హంపు ముందు అవసరానికి మించి వేగం తగ్గిస్తారు, మళ్లీ కదిలేటప్పుడు రెండో గేరులోనే క్లచ్ వదిలేస్తారు, కారు రెండు కుదుపులు కుదిపి ఇంజిన్ ఆగిపోతుంది. ఫ్లైఓవర్ ఎక్కేచోట ఇదే జరిగితే కారు వెనక్కి జారుతుంది. ఎత్తు మీద ట్రాఫిక్ ఆగినప్పుడు దాని బంపరుకు ముందు చక్రం ఆనించి నిలబడకుండా, కనీసం ఒక కారు పట్టేంత ఖాళీ వదిలి, ఒక కాలు నేలమీద పెట్టి, పక్కకు తప్పుకునే దారి చూసుకుని నిలబడండి.

నిజానికి నెమ్మదిగా పోయే ఎల్ బోర్డు కారు కన్నా దాని వెనుక ఓపిక నశించిన బళ్లే సైకిలుకు ఎక్కువ ప్రమాదం. కారు తడబడగానే స్కూటర్లు, ఆటోలు హారన్ కొడుతూ రెండు పక్కల నుంచీ దూరిపోతాయి, ఎడమ పక్కన ఉన్న సందును మీకోసం ఎవరూ వదలరు. ఆ హారన్లకు బెదిరి నేర్చుకునే మనిషి స్టీరింగ్‌ను ఎడమకు తిప్పితే, కారుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య ఇరుక్కునేది మీరే. అందుకే ఆ కారును ఎడమ వైపు నుంచి ఎప్పుడూ దాటవద్దు, ఎంత ఖాళీ కనిపించినా సరే. దాటవలసివస్తే ముందు వెనక్కి తిరిగి చూసి, కుడి చెయ్యి చాచి, కుడి వైపు నుంచి మీటరుకు పైగా దూరం ఉంచి దాటండి. దాటిన వెంటనే దాని ముందుకు కోసుకుని రాకుండా, కొంతదూరం వెళ్లాకే ఎడమకు చేరండి.

కొన్నిసార్లు ఆ కారు మిమ్మల్ని దాటడానికి జంకి చాలాసేపు వెనుకే వస్తుంది. అప్పుడు చెయ్యి ఊపి పొమ్మనవద్దు. ఎదురుగా వచ్చేవి మీకు పూర్తిగా కనిపించవు, నేర్చుకునే మనిషి మీ చేతినే నమ్మి ముందుకు దూకే అవకాశం ఉంది. అనువైన చోట సైకిలు పక్కకు తీసి ఆగి, కారు వెళ్లిపోయాక బయలుదేరడం మేలు. ఆగే చోటు లేకపోతే అంచు నుంచి దాదాపు మీటరు లోపలికి, వంకర లేకుండా ఒకే గీత మీద తొక్కండి. గుంట తప్పించుకోవడానికి మీరు చేసే చిన్న వంపును కూడా కొత్త డ్రైవరు ఊహించలేరు.

కూడళ్లలో ఇండికేటర్‌ను నమ్ముకోవద్దు. వేసినది తీయడం మరిచిపోతారు, లేదా వేయవలసినది వేయరు. ఎండ కాస్తున్నప్పుడు వైపర్లు ఒక్కసారి కదిలాయంటే, ఇండికేటర్ అనుకుని అవతలి కాడను లాగారని, కారు మలుపు తిరగబోతోందని అర్థం చేసుకోండి. వెనుక అద్దంలోంచి శిక్షకుడి చెయ్యి స్టీరింగ్ మీదికి వెళ్లడం కనిపిస్తే అది ఏ ఇండికేటర్ కన్నా నమ్మదగిన గుర్తు.

రోడ్డు పక్కన ఆగి ఉన్న స్కూలు కారులో శిష్యులు మారుతూ ఉంటారు. ఒకరు దిగి మరొకరు స్టీరింగ్ ముందుకు వెళ్లేటప్పుడు కుడి తలుపు మీ దారిలోకే తెరుచుకుంటుంది, కాబట్టి తలుపు వెడల్పుకు మించి ఎడం ఉంచండి.

సిగ్నల్ దగ్గర పక్కపక్కన ఆగితే మాట్లాడవలసింది శిక్షకుడితోనే. కిటికీ ఆయన పక్కనే ఉంటుంది, ఆయన చెప్పిన మాట శిష్యుడికి ఎక్కుతుంది. దగ్గరగా వచ్చారని చెప్పవలసివస్తే నవ్వు ముఖంతో కన్నడంలో "స్వల్ప దూర బిడి సార్" (కొంచెం దూరం వదలండి సార్) అంటే చాలు, తెలుగులో చెప్పినా అర్థం చేసుకునేవారు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. స్టీరింగ్ పట్టుకున్న మనిషిని కసిరితే చేతులు ఇంకా వణుకుతాయి, తర్వాతి సైకిలువాడికి అది చేటు. నిబంధనల ప్రకారం సొంత కారు నడపడానికి ఇచ్చే శిక్షణ కనీసం 21 రోజులు, అందులో నడిపే సమయం కనీసం 10 గంటలు. ఆ కొద్ది గంటల్లో సైకిలును ఎలా దాటాలో ఒక్కసారైనా నేర్పమని శిక్షకుడిని అడగడానికి మొహమాటపడవద్దు.

స్కూలు కారు మిమ్మల్ని తాకితే ముందు రోడ్డు పక్కకు చేరి, దెబ్బలు చూసుకుని, అవసరమైతే 112 కు ఫోను చేయండి. కారు నంబరును, దాని మీద రాసి ఉన్న స్కూలు పేరును, సమయాన్ని, చోటును ఫోటోతో సహా నమోదు చేసుకోండి. డ్రైవింగ్ స్కూలుకు లైసెన్సు ఇచ్చేది రవాణా శాఖ కనుక, స్కూలు యజమాని సరిగా స్పందించకపోతే ఆ వివరాలతో ఆ ప్రాంతపు ఆర్టీవో కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. అందులో శిష్యుడి తప్పుల కన్నా, ఆ సమయంలో శిక్షకుడు ఏం చేస్తున్నాడో, ఫోను చూస్తున్నాడా, బ్రేకు వేశాడా, ఆ సంగతి స్పష్టంగా రాయండి.