డీలర్ చెయ్యి తడబడితే: కనుమ దాటాక గోవా వెళ్ళేవాళ్ళ కోసం

కనుమ మర్నాటికి బరులు ఖాళీ అయిపోతాయి గానీ కొందరి చేతులు మాత్రం ఇంకా దురద పెడుతూనే ఉంటాయి. రాజమండ్రిలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళు కొందరు, భీమవరం నించో అమలాపురం నించో నలుగురు కలిసి కారేసుకుని బయల్దేరేవాళ్ళు కొందరు. పంజిం దగ్గర మాండవి నదిలో లంగరేసి ఉన్న క్యాసినో ఓడల్లో పోకర్ బల్ల ముందు కూర్చుంటారు. మన వైపు పేకాటంటే పదమూడు ముక్కల రమ్మీయే. ఆ అలవాటుతో పోకర్‌కి కూర్చోవడం దగ్గరే గొడవ మొదలవుతుంది.

రమ్మీలో పంపకం తప్పితే ఏమంటాం? "కలిపెయ్యండి, మళ్ళీ పంచుదాం." ఎవరూ కాదనరు. పోకర్‌లో ఆ మాట ఒక గీత దాకానే చెల్లుతుంది. గీత దాటాక తప్పు ఎంత స్పష్టంగా కనిపిస్తున్నా ఆట ఆగదు. ఆ గీత ఎక్కడుందో తెలియక అరిచి, పరువూ డబ్బూ రెండూ పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ.

అసలు సంగతిలోకి వెళ్ళేముందు చట్టం మాట ఒకటి. ఇక్కడ, అంటే ఆంధ్రలో, డబ్బు పెట్టి పోకర్ ఆడితే 1974 నాటి గేమింగ్ చట్టం కింద కేసే. లాడ్జి గదిలో ఆడినా, రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో ఆడినా తేడా లేదు. 1967లో సుప్రీంకోర్టు నైపుణ్యం ఆట అన్నది రమ్మీని. ఆ తీర్పు చూపించి పోకర్‌ని సమర్థించుకోవడం కుదరదు. ఫోన్లో ఆడదామంటే 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ మూసేసింది. గోవాకి 1976 నాటి సొంత చట్టం ఉంది, అక్కడ లైసెన్సున్న ఓడల్లో ఆడొచ్చు. వయసు 21 నిండాలి. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి.

డీలర్ ఎవరి మనిషి?

బ్లాక్‌జాక్, బకారా లాంటి ఆటల్లో మీ ఎదురు ఆడేది క్యాసినో. పోకర్‌లో అలా కాదు, ఆటగాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు ఆడతారు. క్యాసినో ప్రతి పాట్ (అందరూ పెట్టిన డబ్బు కలిసిన కుప్ప) నించి రేక్ అని కొంత శాతం, ఒక పరిమితి దాకా కోసుకుంటుంది. గుండాట బల్ల పరిచినవాడికి మీరు ఓడితే లాభం. పోకర్‌లో ముక్కలు పంచే డీలర్‌కి మీరు గెలిచినా ఓడినా ఒకటే. కాబట్టి తప్పు జరిగిందంటే అది సాధారణంగా అలసట వల్లో, రద్దీ వల్లో జరిగి ఉంటుంది. "వీడు కావాలని చేశాడు" అని మొదలుపెడితే మీ మాట వినే నాథుడుండడు. జరిగిన తప్పేమిటో చెప్పండి, మనిషిని అనకండి.

కూర్చునే ముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: రేక్ ఎంత శాతం, గరిష్ఠం ఎంత, ఫ్లాప్ (ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచాక, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు) పడకుండా ఆట ముగిస్తే కోస్తారా లేదా. చాలాచోట్ల కొయ్యరు. ఇంకొకటి కూడా: ఆ గదికి సొంత నియమాల కాగితం ఉందేమో. 2001లో ఏర్పడిన టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ నియమాలే చాలా గదులకు ఆధారం, కానీ నగదు ఆటల్లో ఎవరి మార్పులు వాళ్ళు చేసుకుంటారు. ఇక్కడ రాసింది చాలాచోట్ల నడిచే పద్ధతి. ఆ గదిలో ఫ్లోర్ చెప్పిందే చివరి మాట. ఫ్లోర్ అంటే నేల కాదండోయ్, బల్లల మీద అజమాయిషీ చేసే మనిషి.

గీత ఎక్కడుంది

ఈ తప్పులు జరిగితే పంపకం రద్దు: మొదటి ముక్క పడాల్సిన కుర్చీకి కాకుండా పక్క కుర్చీకి పడటం, ఆటలో ఉన్నవాణ్ణి వదిలేసి పంచడం, లేనివాడికి పంచడం, పేకలో రెండు ముక్కలు బొమ్మ పైకి తిరిగి కనబడటం, డీలర్ చేతిలోంచి మొదటి రెండు ముక్కల్లో ఏదో ఒకటి తెరుచుకోవడం, లేదా ఏవైనా రెండు తెరుచుకోవడం. అప్పుడు ముక్కలన్నీ వెనక్కి తీసుకుని, మళ్ళీ కలిపి, పంచుతారు.

ఇదంతా ఆట కదలకముందే చెప్పాలి. వరసలో ఇద్దరు ఆడి, వాళ్ళలో ఒక్కరైనా చిప్స్ (డబ్బుకి బదులు వాడే బిళ్ళలు) పెడితే ఆట కదిలినట్టు. లేదా చెక్ (ఏమీ పెట్టకుండా వంతు దాటించడం) అనో, ముక్కలు పారేసో, ఏదో ఒకటి ముగ్గురు ఆడేసినా కదిలినట్టే. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) పెట్టడం లెక్కలోకి రాదు. ఆ తర్వాత "నాకు ముక్కలు పంచలేదు" అన్నా సరే, ఆ చెయ్యి, అంటే ఆ ఒక్క పంపకం ఆట, అలాగే నడుస్తుంది. అందుకే ముక్కలు రాగానే చెయ్యాల్సిన మొదటి పని, అవి రెండేనా అని వేలితో తడిమి చూసుకోవడం. మూడు వచ్చాయని ముందే చెబితే పంపకం రద్దు. ఆట కదిలాక బయటపడితే మీ చెయ్యి చచ్చినట్టు, అంటే మీ ముక్కలు చెల్లవు, పెట్టిన డబ్బు పాట్‌లోనే ఉండిపోతుంది. తప్పు డీలర్‌దే, నష్టం మీదే. అన్యాయంగా అనిపిస్తుంది గానీ, దీనికి కారణం ఉంది. ముక్కలు బాగున్నాయో లేదో చూసుకున్నాక తప్పు ఎత్తిచూపే అవకాశం ఇస్తే, బాగున్నవాడు నోరు మూసుకుంటాడు, బాలేనివాడు కేకలేస్తాడు.

మూడో ముక్కో ఆ తర్వాతదో ఒక్కటే తెరుచుకుంటే రద్దవదు. పంపకం పూర్తి చేసి, ఆ ముక్క పడ్డవాడికి పైనున్న ఇంకో ముక్క ఇచ్చి, తెరుచుకున్నదాన్ని అందరికీ చూపించి బర్న్ ముక్కగా (బల్ల మీద తెరిచేముందు పేక పైనించి తీసి వాడకుండా వదిలేసేది) పక్కన పెడతారు. అది ఆసైనా సరే అట్టేపెట్టుకోవడానికి లేదు. మీ చేతులో మీరే తిప్పేసుకుంటే మాత్రం మారదు, దానితోనే ఆడాలి.

ఫ్లాప్‌లో నాలుగు ముక్కలు పడితే

ఇది తరచుగా జరిగేదే, గొడవ ఎక్కువయ్యేది కూడా ఇక్కడే. ప్లాస్టిక్ ముక్కలు కొత్తగా ఉంటే ఒకదానికొకటి అంటుకుంటాయి, తేమ ఉన్న గదిలో మరీను. మూడుకి బదులు నాలుగు పడతాయి. పైన పడిందే అదనం అని డీలర్ ఒకటి లాగెయ్యబోతాడు. అక్కడ ఆపండి. "ఫ్లోర్" అని ఒక్క మాట అని చెయ్యెత్తండి. పద్ధతి ఇదీ: నాలుగిటినీ బోర్లించి కలుపుతారు, ఫ్లోర్ చూడకుండా ఒకటి తీస్తాడు, అది తర్వాతి బర్న్ ముక్క అవుతుంది, మిగతా మూడూ ఫ్లాప్. మీకు కలిసొచ్చే ముక్కే పోవచ్చు. అందరికీ అదే లాటరీ కాబట్టి అది న్యాయం.

అందరి ఆటా పూర్తవకముందే డీలర్ తొందరపడి ముక్కలు తెరిచేస్తే, ఏ దశలో తెరిచాడన్నదాన్నిబట్టి దిద్దుబాటు మారుతుంది. ఫ్లాప్ అయితే బర్న్ ముక్క అలాగే ఉంచి, ఫ్లాప్ మూడూ పేకలో కలిపి, బర్న్ చెయ్యకుండా మళ్ళీ వేస్తారు. టర్న్ (నాలుగో ఉమ్మడి ముక్క) అయితే దాన్ని పక్కన పెడతారు. ఆగిన ఆట పూర్తయ్యాక ఒకటి బర్న్ చేసి, రివర్‌గా (ఐదో, చివరి ఉమ్మడి ముక్కగా) రావాల్సినదాన్ని టర్న్‌గా వేస్తారు. ఆ రౌండు కూడా అయ్యాక పక్కన పెట్టినదాన్ని పేకలో కలిపి, బర్న్ లేకుండా రివర్ వేస్తారు. రివర్ తొందరపడితే దాన్ని పేకలో కలిపి మళ్ళీ వెయ్యడమే.

ఇక్కడే జనానికి గుండె కలుక్కుమంటుంది. మీ చేతిలో రెండు ఆఠీన్లు, టర్న్ దాకా బల్ల మీద రెండు. రివర్ ముందే తెరిచాడు, ఆఠీను! ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) వచ్చేసింది. అంతలో దాన్ని పేకలో కలిపేశారు. "నా ముక్క లాగేసుకున్నారు" అనిపిస్తుంది. లెక్క చూడండి. 52లో మీకు తెలిసినవి మీ రెండూ, బల్ల మీద నాలుగూ. కనబడనివి 46, వాటిలో ఆఠీన్లు 9. తప్పు జరగకముందు మీ అవకాశం 46లో 9. ముక్క వెనక్కి పెట్టి కలిపాక కూడా ఆ అవకాశం తగ్గదు. కళ్ళతో చూశారు కాబట్టి అది మీదనిపించింది, అంతే.

పేకలో ఒకే ముక్క రెండుసార్లు కనబడితే, ఉదాహరణకి రెండు ఇస్పేటు రాజులు, అప్పుడు మాత్రం ఆ చెయ్యి మొత్తం రద్దు. ఎవరు పెట్టినది వాళ్ళకి తిరిగిస్తారు. మూల మడిచిన ముక్కో, గీత పడిన ముక్కో కంటపడితే పేక మార్చమని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

డబ్బు చేతులు మారేటప్పుడు

పెద్ద నష్టాలు పంపకంలో కన్నా చివర్లో, పాట్ తోసేటప్పుడే జరుగుతాయి. ముగ్గురున్న చెయ్యి చూడండి. ఒకడు 4,000తో ఆల్-ఇన్ (ముందున్న చిప్స్ అన్నీ పెట్టెయ్యడం), మిగతా ఇద్దరూ చెరో 10,000. మెయిన్ పాట్ 4,000 చొప్పున మూడు, అంటే 12,000. సైడ్ పాట్ చెరో 6,000 చొప్పున ఇంకో 12,000. 4,000 పెట్టినవాడి ముక్కలు అన్నిటికన్నా పెద్దవైతే డీలర్ ఊపులో 24,000 వాడి ముందుకే తోసేస్తాడు. వాడికి చెందేది రేక్ పోగా మొదటి 12,000 మాత్రమే. సైడ్ పాట్ మిగతా ఇద్దరిలో పెద్ద ముక్కలున్నవాడిది. ఆల్-ఇన్ పడగానే ఈ లెక్క మనసులో కట్టేసుకోండి, ముక్కలు తెరిచాక ఆవేశంలో లెక్క తేలదు. పాట్ సగం సగం పంచినప్పుడు ఒక చిప్ మిగిలితే అది పంచుకునేవాళ్ళలో బటన్‌కి (పంపకం ఎవరి వంతో చూపే బిళ్ళ) ఎడమపక్క మొదటివాడికి వెళుతుంది.

అభ్యంతరానికి గడువుంది. తర్వాతి చేతికి డీలర్ ముక్కలు కలపడం మొదలుపెట్టినా, కలిపే యంత్రం మీట నొక్కినా, అంతటితో సరి. ఆ తర్వాత ఎంత నిజం చెప్పినా వెనక్కి రాదు. లెక్క తేడా అనిపిస్తే మొహమాటపడకుండా, చిప్స్ కదలకముందే, "వెయిట్, ఫ్లోర్ ప్లీజ్" అనండి. పైన కెమెరాలుంటాయి. చూడమని అడగొచ్చు, దానికి బల్ల నంబరు, కుర్చీ నంబరు, టైమూ చెప్పగలగాలి. వేరొకరి చేతిని డీలర్ తప్పుగా చదివినా, పాట్ లెక్క తప్పినా, ఆటలో లేనివాళ్ళు కూడా చెప్పొచ్చు. అది మర్యాద తప్పినట్టు కాదు.

మీ ముక్కలకి కాపలా మీరే. వాటి మీద ఒక చిప్ పెట్టండి. కాపలా లేని ముక్కల్ని డీలర్ పొరపాటున లాగి పారేసిన వాటిలో కలిపేస్తే అడగడానికేమీ ఉండదు. షో దగ్గర రెండు ముక్కలూ బొమ్మ పైకి పెట్టి బల్ల మీదే ఉంచండి, పాట్ మీ ముందుకొచ్చేదాకా వదలకండి. రెండూ తెరిచి ఉన్న, స్పష్టంగా గెలిచిన చేతిని డీలర్ పొరపాటున తీసేసినా చంపడానికి లేదు. ఎదుటివాడు "నాకు ఫ్లష్" అని నోటితో అనగానే ముక్కలు విసిరేసి, తర్వాత చూస్తే వాడిది ఫ్లష్ కాకపోతే ఎవరూ ఏం చెయ్యలేరు. ముక్కలే మాట్లాడాలి.

ఎదుటివాడు పెట్టింది ఎంతో డీలర్ తప్పు చెప్పాడనుకోండి. 1,200 అన్నాడు, మీరు కాల్ (నేనూ అంతే పెడతాను) అన్నారు, లెక్కపెడితే 2,100. మీరు 2,100 కట్టాల్సి రావచ్చు. ఎంత పెట్టారో చూసుకునే బాధ్యత కాల్ చేసేవాడిదేనని చాలా గదుల నియమం. చిప్స్ పరిచి లెక్కపెట్టమనండి. ఒక దొంతరకి సాధారణంగా 20 చిప్స్, రంగుల విలువ ముందే చూసి పెట్టుకోండి. ఒకే పెద్ద చిప్ ఏమీ అనకుండా వేస్తే అది కాల్ కిందకే వస్తుంది. రెయిజ్ చెయ్యాలంటే, అంటే పందెం పెంచాలంటే, చిప్ వెయ్యకముందే నోటితో చెప్పాలి.

మనవాళ్ళు చేసే తప్పులు

చెయ్యి నడుస్తుండగా తెలుగులో మాట్లాడొద్దు. "బావా, ఉందా?" అని నవ్వుతూ అన్నా, అది ఇద్దరు కలిసి ఆడుతున్నట్టే లెక్క. చాలా గదుల్లో చెయ్యి నడిచేటప్పుడు ఇంగ్లీషో హిందీయో మాత్రమే మాట్లాడనిస్తారు. మొదట హెచ్చరిస్తారు, తర్వాత లేపేస్తారు. ఒక ఊరివాళ్ళు నలుగురు వెళ్తే వేరువేరు బల్లలకి కూర్చోవడం అన్నిటికన్నా క్షేమం. ముక్కలు పారేసిన బావ పక్కనుండి సలహా ఇవ్వకూడదు, ఒక చేతికి ఒక్కడే ఆడాలి. మధ్యలో గెలిచినవాటిలో కొన్ని చిప్స్ జేబులో వేసుకోవడమూ కుదరదు. ఆటలో ఉన్నంతసేపూ అవి బల్ల మీద ఉండాల్సిందే.

డీలర్ తప్పు దిద్దాక కూడా చిరాకుగా ఉంటే రెండు ఆటలు వదిలేసి లేచి నీళ్ళు తాగిరండి. పెద్ద డబ్బు పోయేది అసలు తప్పులో కాదు, ఆ తర్వాత పావుగంటలో. ఐదు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బైతే అసలు కూర్చోవద్దు.

ఓడ దిగేముందు చిప్స్ మార్చుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే, అక్కడున్న కెమెరా కిందే, నోట్లు లెక్కపెట్టుకోండి. గెలుపు మీద 30 శాతం పన్ను ఉంది, కోత పడితే దాని కాగితం అడిగి తీసుకోండి. ఇంటికొచ్చాక ఆడిటరు అడిగేది దాన్నే.