మార్చిలో ట్రౌట్ వేట: కులు ఏళ్లలో కాలు పెట్టే ముందు

హిమాచల్‌లో ట్రౌట్ అనే చల్లనీటి చేప వేటకు నవంబరు 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా నిషేధం. మార్చి 1 వస్తే కులు ప్రాంతపు ఏళ్లు తీర్థన్, సైంజ్, ఎగువ బియాస్ ఒడ్లకు మళ్లీ జనం చేరతారు. చాలామంది చేతుల్లో నాలుగు నెలలు అటక మీద పడున్న సామాను ఉంటుంది. గోదావరి కాలువల్లోనో చెరువు గట్లమీదో గాలం వేసిన అలవాటుతో వచ్చే మనవాళ్లకు ఇంకో చిక్కుంది. మన దగ్గర నీటి మట్టం మారడానికి గంటలు పడుతుంది, ఈ కొండ ఏళ్లలో నిమిషాలు చాలు.

అందుకే మొదట నీళ్ల సంగతి. 2014 జూన్ 8 సాయంత్రం హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు థలౌట్ దగ్గర బియాస్‌లో కొట్టుకుపోయారు. ఎగువనున్న లార్జీ డ్యాం నుంచి నీరు వదలడంతో వాళ్లు నిలబడ్డ చోటే ఏరు పొంగింది. తీర్థన్‌ను జలవిద్యుత్ ప్రాజెక్టులకు దూరంగా ఉంచారు గానీ సైంజ్, బియాస్ అలా కాదు. ఎక్కడ గాలం వేసినా ఎగువన ఏ డ్యాం ఉందో, నీళ్లు ఏ వేళల్లో వదులుతారో ఊళ్లో అడిగి తెలుసుకోండి. సైరన్ మోగితే సరే, మోగలేదని మాత్రం ధైర్యపడొద్దు. ఏటి హోరులో అది వినబడకపోవచ్చు.

నీటి అంచున ఒక రాయి గుర్తు పెట్టుకుని పది నిమిషాలకోసారి చూడండి. రాయి తడిసినా, తేటనీరు ఉన్నట్టుండి మసకబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా చేప గాలానికి ఉన్నా సరే లైన్ తెంపి పైకెక్కండి. ఏటి మధ్య బండ మీద నిలబడి వేయడం, పైకి దారిలేని నిట్టనిలువు ఒడ్డు కింద నిలబడటం రెండూ వద్దు.

డ్యాం లేని ఏరు కూడా ఏప్రిల్ నుంచి రోజూ పొంగుతుంది. ఎండకు కరిగిన మంచు దిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. తెల్లవారుజామున మోకాలి లోతున్న చోట సాయంత్రానికి తొడలు మునుగుతాయి. అవతలి ఒడ్డుకు వెళితే పన్నెండు లోపే ఇవతలికి వచ్చేయాలి. జులై, ఆగస్టుల్లో వానలకు వచ్చే మెరుపు వరదల జోలికి అసలు పోవద్దు.

దాటేటప్పుడు ఒక లెక్క పనికొస్తుంది. అడుగుల్లో లోతును, సెకనుకు అడుగుల్లో వేగంతో హెచ్చవేయండి. పది వస్తే దిగొద్దు. వేగం తెలియాలంటే పుల్ల ఒకటి నీట్లో వేసి ఒడ్డు వెంట నడవండి. మీరు గబగబా నడిచినా అది దాటిపోతే వేగం సెకనుకు అయిదు అడుగుల పైమాటే, అంటే లోతు రెండడుగుల లోపే ఉండాలి. అదీ ఏటి అడుగు గట్టిగా ఉంటేనే. పాచి పట్టిన గుండ్రాళ్ల మీద ఇంకా తగ్గించుకోవాలి. చేతికర్రను ప్రవాహానికి ఎగువన ఆనించి, కాళ్లు ఎత్తకుండా ఈడుస్తూ, కొంచెం దిగువకు ఏటవాలుగా దాటండి. పడిపోతే లేచి నిలబడబోవద్దు. కాలు రాళ్ల సందులో ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువకు పెట్టి, వేళ్లు నీటి పైకి తేల్చి, మోకాలి లోతు వచ్చేదాకా ఒడ్డు వైపు ఈదుతూ పొండి.

మంచునీళ్లలో పడ్డ మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, అప్పుడు తల పైన ఉంచుకోవడం ఒక్కటే పని. పది నిమిషాలు గడిస్తే వేళ్లు మాట వినవు. కాబట్టి వేడర్లకు (నీట్లో దిగేందుకు వేసుకునే, నీరు చొరని పొడవాటి తొడుగులకు) నడుం బెల్టు బిగించకుండా నీట్లో దిగొద్దు. బెల్టు లేకపోతే వాటిలోకి నీళ్లు చేరి లేవలేరు. లోపల నూలు బట్టలు కాకుండా ఉన్ని వేసుకోండి. పొడి బట్టల జత ఒకటి ఒడ్డున, నీరందనంత ఎత్తులో ఉండాలి.

ఇక సామాను. వేడర్లను తిరగేసి చీకటి గదిలో లోపల టార్చి పెడితే చిల్లు ఉన్న చోట వెలుగు చుక్క కనబడుతుంది. యూరిథేన్ జిగురు రాసి రాత్రంతా ఆరనివ్వాలి, గంటలో వేసుకుంటే ఊడొస్తుంది. బూట్ల అడుగున ఫెల్ట్ (ఒత్తుగా నొక్కిన ఉన్నిలాంటి పొర) ఉంటే అంచులు లాగి చూడండి, నిల్వలో జిగురు వదులుతుంది. పాచి రాళ్ల మీద ఫెల్ట్‌ను మించింది లేదు. ఎగువన మంచు నేల మీద మాత్రం దానికి మంచు ముద్దలు అంటుకుని జారుతుంది, అక్కడ మేకుల రబ్బరు అడుగే నయం. నైలాన్ లైన్‌ను చేతికి చుట్టి లాగి చూడండి. తేలిగ్గా తెగితే మొదటి పది మీటర్లు కాదు, మొత్తం మార్చేయాలి. గాలం కొన దగ్గరి ఎదురుముల్లును శ్రావణంతో నొక్కేయండి. కంటికి అద్దాలు, తలకు టోపీ తప్పవు, ఈదురుగాలికి గాలం మొహం మీదికే వస్తుంది. కార్బన్ రాడ్‌లో (గాలపు కర్రలో) కరెంటు పారుతుంది, కాబట్టి ఏటి మీదుగా తీగలున్న చోట రాడ్ ఎత్తొద్దు, నడిచేటప్పుడు పడుకోబెట్టి పట్టుకోండి.

లైసెన్సు మత్స్యశాఖది. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు లోపలికి వెళ్లాలంటే విడిగా అనుమతి కావాలి.

నిషేధం ముగిసినా ట్రౌట్ గుడ్ల కాలం పూర్తిగా ముగిసినట్టు కాదు. డిసెంబరులో పెట్టిన గుడ్డు 5 డిగ్రీల నీటిలో పొదగడానికి 80 రోజులు పడుతుంది, పిల్లలు ఇంకొన్ని వారాలు గులకరాళ్ల కిందే ఉంటాయి. చుట్టూ పాచి ఉండి మధ్యలో తేటగా, లేత రంగులో కనిపించే గులక మేటలు వాటి గూళ్లు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వాటిపై అడుగు పెట్టొద్దు, పక్కనున్న పెద్ద రాళ్ల మీదుగా పొండి. వదిలేసే చేపను తడిచేత్తోనే పట్టుకుని, నీళ్లలో ఉంచే గాలం తీయండి. నీరు 20 డిగ్రీలు దాటిన రోజున వదిలిన చేప కూడా బతకడం కష్టం, ఆ రోజు రాడ్ మడిచేయండి.