సెఫ్ నేర్చుకుందాం – 6వ పాఠం: బ్యాక్‌ఫిల్ అవుతుంటే బెంచ్ కొట్టకండి

చాలా పీసీల డిస్కుల్ని కలిపి ఒకే స్టోరేజీగా నడిపేది కదా సెఫ్. అందులో పోయినసారి ఓఎస్‌డీ (ఒక్కో డిస్కుని చూసుకునే ప్రోగ్రామ్) తీసేసి, డిస్క్ జాప్ చేసి (అంటే తుడిచేసి), డీఎం-క్రిప్ట్‌తో (లినక్స్‌లో డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసేది) మళ్ళీ కట్టమన్నాను. చేశారు, సంతోషం. కానీ చేసిన మరునిమిషమే రాడోస్ బెంచ్ (సెఫ్ స్పీడు కొలిచే కమాండ్) కొట్టేసి "సార్, స్పీడు సగం పడిపోయింది, ఈ ఎన్‌క్రిప్షన్ మనకొద్దు" అని గుణుపురం నుంచి ఒకరు, బరంపురం నుంచి ఇద్దరు. ఈ రోజు ఫియో (ఇంకో స్పీడు పరీక్ష టూల్) మొదలెడదామనుకున్నా, ఇంక అది తర్వాతే.

సెఫ్ డాష్ ఎస్ (క్లస్టర్ పరిస్థితి చూపించే కమాండ్) కొట్టి చూశారా అసలు? కొత్త ఓఎస్‌డీ ఖాళీగా వచ్చింది, దాని వాటా డేటా మిగతా డిస్కుల్లోంచి దాన్లోకి కాపీ అవుతోంది (ఇదే బ్యాక్‌ఫిల్), మీ బెంచ్ కూడా అవే డిస్కులు, అదే కేబుల్ మీద పరిగెడుతోంది. ఠాకురాణి యాత్ర రోజు బరంపురం బజార్లో బండి తోలి, మైలేజీ రావట్లేదని మెకానిక్‌ని తిట్టినట్టుంది. పీజీలన్నీ (సెఫ్ డేటాని విడగొట్టి పెట్టుకునే గుంపులు) యాక్టివ్ ప్లస్ క్లీన్ అవ్వాలి. అన్నీ అంటే అన్నీ, ఒక్కదాని పక్కన బ్యాక్‌ఫిల్లింగ్ అని కనిపించినా ఆగండి, టీ తాగి రండి. నేనైతే నోస్క్రబ్, నోడీప్-స్క్రబ్ (సెఫ్ తన డేటాని తనే సరిచూసుకునే పనిని ఆపే ఫ్లాగులు) కూడా పెట్టి కొడతాను, అయ్యాక తీసేస్తాను. తీయడం మర్చిపోకండి.

ఇంకోటి, మీలో చాలామందిది గిగాబిట్ స్విచ్. అది లెక్క ప్రకారమే సెకనుకి 125 ఎంబీ దాటదు. క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ కొట్టండి, అది డిస్క్ జోలికి పోదు, ఎన్‌క్రిప్షన్ స్పీడుని మెమరీలోనే కొలుస్తుంది. సీపీయూ ఫ్లాగుల్లో ఏఈఎస్ (ఎన్‌క్రిప్షన్ పనిని సీపీయూనే వేగంగా చేస్తుందని గుర్తు) ఉంటే ఏఈఎస్-ఎక్స్‌టీఎస్ ఎదురుగా వచ్చే అంకె చూసి మీరే నవ్వుకుంటారు, ఇరుకంతా స్విచ్ దగ్గరే.

రాయగడ తమ్ముడిది వేరే గోల. మానిటర్ (తెర కాదు, క్లస్టర్ వివరాలన్నీ దాచుకునే సెఫ్ ప్రోగ్రామ్) ఒక్కటే పెట్టి, ఆ పీసీనే ఫార్మాట్ కొట్టాడు. లక్స్ తాళాలు (ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కు తెరిచే కీలు) ఉండేది మానిటర్లోనే బాబూ! డిస్కులు బంగారంలా ఉన్నాయి, తెరిచే దారి లేదు. మూడు మానిటర్లు పెట్టండి, కాన్ఫిగ్-కీ డంప్ (ఆ తాళాల కాపీ) తీసి క్లస్టర్ బయట దాయండి.

ప్రాక్టీసు: అవే డిస్కులు, ఎన్‌క్రిప్షన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి. 4 ఎంబీ, 4 కేబీ సైజుల్లో రైటు, రీడు తలా మూడుసార్లు కొట్టి మధ్య అంకె రాసుకోండి. రైటుకి నో-క్లీనప్ పెట్టకపోతే రీడుకి చదవడానికి ఏమీ మిగలదు. మొత్తం 24 సార్లు కొడితే 8 మధ్య అంకెలు, కాగితం మీద. అంకె పక్కన ఆ టైముకి డాష్ ఎస్ ఏం చూపించిందో రాయనివాళ్ళ మెసేజ్ నేను చదవను.