సంక్రాంతి రద్దీకి ముందే సెషన్ బీన్లు చూసుకోండి

భోగికి వారం ముందు హైదరాబాద్ నుంచి టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం బస్సులకు ఎంత గిరాకీ ఉంటుందో సిక్కోలు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ తాకిడి జావాలో రాసిన టికెట్ల సైటు మీద పడితే, మామూలు రోజుల్లో దాగిన తప్పులన్నీ ఒక్క పూటలో బయటికొస్తాయి. నిరుడు నేను రాసిన సైటులో ఒకరి పేరు ఇంకొకరి టికెట్ మీద అచ్చయింది. ప్రయాణికుడి వివరాలను సర్వ్‌లెట్ (సైటుకు వచ్చే రిక్వెస్టులకు జవాబిచ్చే జావా ప్రోగ్రామ్) క్లాసులో ఫీల్డుగా పెట్టాను. సర్వ్‌లెట్ ఆబ్జెక్టు అందరికీ ఒక్కటే, ఒక్కో రిక్వెస్టుతో వచ్చే థ్రెడ్ (ఆ రిక్వెస్టు పనిని విడిగా నడిపే వరస) అదే ఫీల్డును తిరగరాస్తుంది. ఒక్కడినే కూర్చుని పరీక్షించినన్నాళ్లూ అది నాకు కనబడలేదు.

అందుకే ముందు అలాంటి ఫీల్డులు వెతికి తీసేయండి. వివరాలను బీన్ అనే చిన్న జావా ఆబ్జెక్టులో దాచుకోవచ్చు. జేఎస్పీలో (జావాతో వెబ్ పేజీలు రాసే పద్ధతి) బీన్‌ను తెచ్చే యూజ్‌బీన్ ట్యాగుకు స్కోప్, అంటే బీన్ ఎంతవరకు బతకాలో, రాయకపోతే అది పేజీతోనే పోతుంది. అప్లికేషన్ అని రాస్తే వచ్చినవాళ్లందరికీ ఒకే బీన్. ఒక్కో మనిషికి విడిగా కావాలంటే సెషన్ అనే రాయాలి.

అయితే సెషన్ (వచ్చిన బ్రౌజర్‌ను సర్వర్ గుర్తుపెట్టుకునే చోటు) అనేది బ్రౌజర్‌ది, మనిషిది కాదు. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర నెట్ సెంటర్లో ఒకే బ్రౌజర్‌లో వరసగా పదిమందికి టికెట్లు తీస్తారనుకోండి. ముందు వచ్చిన కుర్రాడు ఫోన్ నంబరు చెప్పాడు. వెనకొచ్చిన మామ్మకు ఫోన్ లేదు, ఆ గడి ఖాళీగా వదిలేశారు. బీన్‌లో విలువలు పెట్టే సెట్‌ప్రాపర్టీ ట్యాగులో నక్షత్రం గుర్తు (*) పెట్టి ఫారమంతా బీన్‌లోకి నింపితే, ఖాళీ గడిని అది ముట్టుకోదు. పాత నంబరే ఉండిపోయి, మామ్మ టికెట్ మెసేజ్ కుర్రాడికి పోతుంది. బుకింగ్ అవగానే ఆ బీన్‌ను సెషన్ నుంచి తీసేయండి. లాగౌట్‌లో సెషన్‌ను రద్దుచేసే ఇన్‌వాలిడేట్ పిలవండి, లాగిన్ అవగానే సెషన్ ఐడీ మార్చండి.

రెండు ట్యాబులకూ సెషన్ ఒక్కటే. ఒకదాంట్లో 12, ఇంకోదాంట్లో 13వ తేదీ ఎంచుకుంటే చివర నొక్కినదే మిగులుతుంది. తేదీ, సీటు ఫారంతోపాటే పంపడం మేలు.

బీన్‌లో సీట్ల జాబితా మొత్తం దాచకండి, ఐడీలు చాలు. టామ్‌క్యాట్‌లో (జావా సైట్లను నడిపే సర్వర్) మామూలుగా సెషన్ 30 నిమిషాలు ఊరికే పడుంటుంది, అంతసేపూ మెమరీ తింటుంది. సీడీఐ (బీన్లను తనే తయారుచేసి అందించే జావా పద్ధతి) వాడేవాళ్లు సెషన్ బీన్ క్లాసును సీరియలైజబుల్ (బయట దాచి తిరిగి తెచ్చుకోగలిగేలా) చేయాలి.

చివరగా, క్రోమ్‌లో ఒక పేరు, ఫైర్‌ఫాక్స్‌లో ఇంకో పేరు పెట్టి, స్నేహితుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ ఒకేసారి బుక్ నొక్కండి. తర్వాత ఒకే బ్రౌజర్‌లో రెండో టికెట్ తీస్తూ ఫోన్ గడి ఖాళీగా వదిలి చూడండి.