విటమిన్ మాత్రలు మొదలుపెట్టే ముందు

నీరసంగా ఉందనో, జుట్టు రాలుతోందనో మల్టీవిటమిన్ డబ్బా కొనేముందు ఒక రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పేది), బి12, విటమిన్ డి, వీటిలో ఏది తగ్గిందో తెలిస్తే చాలావరకు అదొక్కటే వాడితే సరిపోతుంది. తెలియకుండా వాడితే ఒక్కోసారి అసలు జబ్బు దాక్కుంటుంది. బి12 లోపం ఉన్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత తగ్గినట్టే కనిపిస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

ఎక్కువమంది పొరపాటు పడేది వేళల దగ్గర. ఐరన్ పరగడుపున వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. వికారంగా ఉంటే కొద్దిగా తిని వేసుకోండి, పూర్తిగా మానేయడం కంటే అదే నయం. టీ, కాఫీ, పాలకు మాత్రం కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మలం ముదురు రంగులోకి మారితే కంగారు వద్దు. జిగటగా, తారులా వస్తే మాత్రం డాక్టరుకు చెప్పాలి.

కాల్షియం, ఐరన్ ఒకే పూట వద్దు, ఒకటి రెండోదాన్ని అడ్డుకుంటుంది. కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతో, సిట్రేట్ అయితే ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు దాటితే శరీరం అంత బాగా తీసుకోలేదు, రెండు పూటలుగా విడగొట్టండి. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు దానికీ ఈ రెండింటికీ మధ్య నాలుగు గంటలు వదలాలి. మోతాదు పెంచినా థైరాయిడ్ అదుపులోకి రాకపోతే ముందు ఈ సంగతే చూసుకోండి.

విటమిన్ డి కాస్త కొవ్వు ఉన్న భోజనంతో తీసుకోవాలి. నాకు అన్నిటికంటే టెన్షన్ దీని గురించే. వారానికొకటి అని రాసిచ్చిన పెద్ద మోతాదు మాత్రను రోజూ మింగేవాళ్లున్నారు. బి, సి విటమిన్లలా ఇది మూత్రంలో సులువుగా పోదు, ఒంట్లో పేరుకుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం మొదలవుతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. చీటీ మీద 'వారానికి' అని ఉందా, 'రోజుకి' అని ఉందా మళ్లీ చదవండి. డాక్టరు చెప్పకుండా పెద్దవాళ్లు రోజుకు 4,000 యూనిట్లు దాటకూడదు.

గర్భిణులు విటమిన్ ఎ ఎక్కువగా ఉన్న మాత్రలు సొంతంగా వాడొద్దు, బిడ్డకు అవకరాలు రావచ్చు. పొగతాగేవాళ్లు ఎక్కువ మోతాదు బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం) జోలికి పోవద్దు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవాళ్లు ఏం వాడుతున్నారో ముందే డాక్టరుకు చెప్పాలి. జుట్టు కోసం వాడే బయోటిన్ థైరాయిడ్ పరీక్షనూ, గుండెపోటును పసిగట్టే ట్రోపోనిన్ పరీక్షనూ తప్పుదోవ పట్టించగలదు. అది కూడా చెప్పండి.

ఐరన్ మాత్రలు పసిపిల్లల చేతికి అందకూడదు, ఎక్కువ మింగితే ప్రాణం మీదికొస్తుంది. మింగారని అనుమానం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, డబ్బా కూడా పట్టుకెళ్లండి. మొదట వాంతులు అయి, తర్వాత కొన్ని గంటలు పిల్లలు తేరుకున్నట్టే ఉంటారు. అది చూసి ఆగిపోవద్దు.