‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ డిస్క్ బాగుందో లేదో తేల్చుకోవడం ఎలా?

నవల నుంచి తీసిన ఫాంటసీ సినిమాకి డిస్క్ కొనడం, మామూలు సినిమాకి కొన్నంత తేలిక కాదు. పుస్తకంలోది ఎంత ఉంది, ఎంత పోయింది అన్నది కూడా మీరు కొన్న డిస్క్‌ని బట్టి మారిపోతుంది. దీనికి నాకు బాగా తెలిసిన ఉదాహరణ ఇదే. టోల్కీన్ నవలని పీటర్ జాక్సన్ 2001, 2002, 2003లలో మూడు సినిమాలుగా తీస్తే, అవి డీవీడీగా, బ్లూరేగా, 4కే డిస్క్‌గా, అదీ ఒక్కొక్కటి రెండు నిడివుల్లో వచ్చాయి, వచ్చిన ప్రతిసారీ ఒకటి బాగుపడితే ఇంకొకటి తగ్గింది. అందుకే బాక్స్ మీద రాసినది నమ్మకుండా మీరే పరీక్షించి చూసుకోండి.

ముందు ఏ కట్ అన్నది చూడండి

బాక్స్ వెనక నిమిషాలు చదవండి. మూడో సినిమా థియేటర్ కట్, అంటే హాల్లో ఆడిన నిడివి, 201 నిమిషాలు, సీన్లు కలిపి పెంచిన ఎక్స్‌టెండెడ్ కట్ నాలుగు గంటలు దాటుతుంది. ఎక్స్‌టెండెడ్ చివర్లో ఫ్యాన్ క్లబ్ సభ్యుల పేర్లు చాలాసేపు పోతాయి, ఆ నిమిషాలు కూడా లెక్కలో కలిపేస్తారు, కాబట్టి అంతా కొత్త కథే అనుకోకండి. పాల్ (మన దేశంలోనూ వాడిన టీవీ పద్ధతి) డీవీడీ అయితే సెకనుకి 24 ఫ్రేములకి బదులు 25 నడుస్తాయి, 201 నిమిషాల సినిమా 193కి వచ్చేస్తుంది. అది చూసి సీన్లు కోసేశారని కంగారు పడక్కర్లేదు.

అసలు ప్రశ్న ఏమిటంటే, పెరిగిన నిమిషాల్లో ఏముంది? పుస్తకం చదివినవాళ్లకి ఇది చాలా ముఖ్యం. దుష్ట మాంత్రికుడు సారుమాన్ ఏమయ్యాడో మూడో సినిమా థియేటర్ కట్‌లో చూపించనే లేదు, ఎక్స్‌టెండెడ్‌లో చనిపోతాడు, అయితే నవలలోలా, కథ మొదలైన షైర్‌లో కాదు, తన గోపురం దగ్గరే. ప్రయాణికులకి ఆశ్రయమిచ్చిన గలాడ్రియెల్ అందరికీ బహుమతులిచ్చే ఘట్టం మొదటి సినిమా ఎక్స్‌టెండెడ్‌లోనే పూర్తిగా ఉంటుంది. నాకు అన్నిటికన్నా విలువైనది రెండో సినిమాలోది: బోరోమిర్, అతని తమ్ముడు ఫారమిర్, వాళ్ల నాన్న ముగ్గురూ కలిసి కనిపించే గతం సీన్. అది చూడకపోతే ఫారమిర్ కథకి మూలమైన మాయ ఉంగరాన్ని తండ్రి దగ్గరికి తీసుకెళ్లాలని ఎందుకు అనుకున్నాడో సగమే అర్థమవుతుంది, అతను చెడ్డవాడేమో అనిపిస్తుంది కూడా. అదనపు సీన్ బాగుందా అని చూసేటప్పుడు నేను ఇదే అడుగుతాను, ఇది లేకపోతే ఒక మనిషి మీద నా అభిప్రాయం మారేదా అని.

మీ ప్లేయర్‌లో ఆడుతుందా?

మా బావ అమెరికా నుంచి ఎంతో ప్రేమగా డీవీడీ సెట్ తెచ్చాడు, ఇక్కడి ప్లేయర్‌లో పెడితే రీజియన్ (డిస్క్ ఏ దేశాల్లో ఆడాలో చెప్పే గుర్తు) తప్పు అని వచ్చింది. డీవీడీలకి అమెరికా 1, మన దేశం 5. బ్లూరేలకి అమెరికా ఎ, మనం సి. 4కే డిస్క్‌లకి రీజియన్ గొడవ లేదు. విదేశాల్లో ఉన్న బంధువులతో తెప్పించుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

టీవీని సరిచేసి, తెలిసిన సీన్లు పెట్టి చూడండి

పిక్చర్ మోడ్ సినిమాకి మార్చండి, కదలికలని నున్నగా చేసే సెట్టింగ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఎంత మంచి డిస్క్ అయినా సీరియల్‌లా కనిపిస్తుంది.

ఇప్పుడు మొదటి సినిమాలో కరాద్రాస్ కొండ మీద మంచు సీన్ పెట్టండి. మంచు తెల్లగా ఉండాలి. 2011లో వచ్చిన ఎక్స్‌టెండెడ్ బ్లూరేలో ఈ సినిమా మొత్తం మీద ఆకుపచ్చ ఛాయ పడి చాలామంది అభిమానులు బాధపడ్డారు, నేనూ ఆ డిస్క్ మళ్లీ పెట్టలేకపోయాను. తర్వాత మోరియా గనుల్లోకి వెళ్లండి, మాంత్రికుడు గాండాల్ఫ్ కర్ర వెలుగు పడని చోట చీకటి నల్లగా ఉందా, బూడిద రంగులో ఉందా, రాతి స్తంభాలు విడిగా కనిపిస్తున్నాయా అని చూడండి. మూడోది, ఏదైనా ముఖం క్లోజప్. ఫిల్మ్ మీద తీసిన సినిమాలో సన్నటి గ్రెయిన్, అంటే ఫిల్మ్‌కి సహజమైన చుక్కలు, ఉండాలి, దాన్ని తుడిచేస్తే చర్మం మైనంలా అయిపోతుంది. 2020 చివర్లో వచ్చిన 4కే సెట్ మీద ఈ ఫిర్యాదు ఉంది, కొన్ని షాట్లలో నిజమే అనిపించింది కూడా. అయినా రంగులు, వెలుగు నీడలు అంతకు ముందు ఏ డిస్క్‌లోనూ ఇంత బాగా లేవు. గ్రాఫిక్స్ షాట్లు అప్పట్లో 4కే కన్నా స్పష్టత తక్కువైన 2కే లోనే పూర్తి చేశారు కాబట్టి వాటిలో కొత్త వివరాలు వెతక్కండి, బట్టల నేత, కవచాల మీద గీతలు చూడండి, తేడా అక్కడ తెలుస్తుంది.

సౌండ్

రెండో సినిమాలో హెల్మ్స్ డీప్ యుద్ధం మొదలయ్యే ముందు ఒక నిశ్శబ్దం ఉంటుంది. కవచాల మీద వాన చినుకులు పడుతుంటాయి, కోట బయట శత్రువులు ఈటెలు నేలకేసి కొడుతుంటారు, ఒక ముసలాయన చేయి జారి బాణం వెళ్లిపోతుంది. చినుకులు మీ చుట్టూ పడుతున్నట్టు ఉండాలి, ఈటెల దెబ్బ ఛాతీకి తగలాలి, వాల్యూమ్ మార్చకుండానే రెండూ సరిగ్గా వినిపించాలి. మాటల కోసం పెంచి, యుద్ధం రాగానే పక్కింటివాళ్లు లేస్తారని తగ్గించాల్సి వస్తే, ముందు ప్లేయర్‌లో నైట్ మోడ్ (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించే సెట్టింగ్) పెట్టి మళ్లీ వినండి, తర్వాతే డిస్క్‌ని తప్పుపట్టండి. ఎక్స్‌టెండెడ్ సీన్లకి హోవర్డ్ షోర్ విడిగా సంగీతం రాసి రికార్డ్ చేశాడు, అందుకే అవి అతికించినట్టు అనిపించవు.

సబ్‌టైటిల్స్ ఆపేసి ఆరగార్న్, ఆర్వెన్ టోల్కీన్ కల్పించిన ఎల్ఫ్ భాషలో మాట్లాడుకునే సీన్ కూడా చూడండి. ఆ మాటలకి మాత్రం అనువాదం దానంతటదే రావాలి. రాకపోతే అది పెద్ద లోపమే.

అదనంగా ఏమిచ్చారు?

ఇక్కడ పాత డీవీడీలని మించినవి లేవు. ఎక్స్‌టెండెడ్ డీవీడీ సెట్‌లో ఒక్కో సినిమాకి రెండు డిస్క్‌లు, తీసిన విధానానికి ఇంకో రెండు, నాలుగు కామెంటరీలు. నవల చివరి అనుబంధాల పేరునే ఆ తీసిన విధానం డిస్క్‌లకీ పెట్టారు. రెండు సినిమాలుగా అనుకున్న కథ న్యూ లైన్ సంస్థ అడగడంతో మూడుగా ఎలా మారిందో, నవలలోని టామ్ బాంబడిల్ పాత్రని ఎందుకు వదిలేశారో, ఆండీ సర్కిస్ నటన గొల్లమ్ అనే గ్రాఫిక్స్ పాత్రగా ఎలా మారిందో తీసినవాళ్లే కూర్చుని చెప్తారు. నవలని సినిమాగా మార్చడం అంటే ఏమిటో నాకు అర్థమైంది అక్కడే. 2020 4కే సెట్‌లో ఇవేవీ లేవు, ఇంత ప్రేమగా చేసిన సినిమాకి అది అన్యాయం అనే అంటాను. కొత్తది కొన్నామని పాత డీవీడీలు అమ్మేయకండి.

ఇంకొక్కటి, సినిమా రెండు డిస్క్‌ల మీద ఉంటే ఎక్కడ ఆపారో చూడండి. మొదటి సినిమా డీవీడీలో ఎల్‌రాండ్ సభలో తొమ్మిది మంది బృందం ఏర్పడగానే ఆపుతారు. ప్రయాణం మొదలవబోతోంది, అదే సరైన చోటు. లేచి, డిస్క్ మార్చి, టీ పెట్టుకుని మళ్లీ కూర్చోవచ్చు.